బట్టల వార్డ్‌రోబ్‌ను పుస్తకాల అలమరగా మార్చాలంటే: నాలుగు దారులు, ఏది ఎవరికి

మా నాన్న పుస్తకాలు మూడు ట్రంకు పెట్టెల్లో ఉండేవి. పర్లాకిమిడిలో పాత ఇల్లు ఖాళీ చేసి ఇప్పుడున్న ఇంటికి వచ్చాక వాటిని బయటకు తీద్దామంటే నిలబెట్టే చోటు లేదు. ఖాళీగా ఉన్నది ఒక్క వార్డ్‌రోబ్. ఆన్‌లైన్‌లో కొన్నది, అట్టపెట్టెలో విడి పలకలుగా వస్తే మేమే బిగించుకున్నాం. అరలు ఉన్నాయి కదా అని పుస్తకాలన్నీ అందులో సర్దేశాను. రెండు నెలలు తిరక్కుండానే మధ్య అర ఉయ్యాలలా వంగింది. ఒక రాత్రి దాన్ని మోసే చిన్న పిన్ను ఊడి, అర మొత్తం కింది అర మీద పడింది. పాత పుస్తకాల్లో నాలుగైదింటికి అట్టలు ఊడిపోయాయి.

ఆ తర్వాత నేను అడిగినవీ, చేయించినవీ, చేయించి చెడగొట్టుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం, జయపురం వైపు ఉన్న తెలుగువాళ్ల ఇళ్లను మనసులో పెట్టుకుని రాశాను. మన దగ్గర తెలుగు పుస్తకం పాడైతే మళ్లీ దొరకడం కష్టం. దాన్ని వెతుక్కుంటూ శ్రీకాకుళమో విశాఖో వెళ్లాలి. పాత ముద్రణ అయితే అక్కడా దొరకదు. అందుకే అలమర కూడా చూసి ఎంచుకోవలసిన వస్తువే.

ముందు టేపు పట్టుకుని చూడాల్సినవి

ఏ దారి మంచిదో తేల్చేది డబ్బు అనుకుంటాం. నా అనుభవంలో అర పొడవే ముందు తేలుస్తుంది.

బట్టలు తేలిక, పుస్తకాలు బరువు. మామూలు పేపర్‌బ్యాక్ పుస్తకాలు నిలువుగా పేరిస్తే ఒక మీటరు వరుస దాదాపు 20 కిలోలు తూగుతుంది. గట్టి అట్ట ఉన్న నిఘంటువులు, పురాణ సంపుటాలైతే 30 నుంచి 40 కిలోల దాకా వెళ్తుంది. రెండు తలుపుల వార్డ్‌రోబ్‌లో అర పొడవు సాధారణంగా 75 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటుంది. పలక మందం 16 లేదా 18 మిల్లీమీటర్లు. అది చాలా వరకు పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో కలిపి అదిమిన పలక. దాని మీద నెలల తరబడి బరువు ఉంచితే వంపు మొదటి రోజు ఉన్నంతే ఉండదు, నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. తర్వాత పుస్తకాలు తీసేసినా పూర్తిగా సర్దుకోదు.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మీటరు వరుసకు బరువు అదే అయినప్పుడు, అర పొడవును సగం చేస్తే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. అదే పలక మందాన్ని 16 నుంచి 18 మిల్లీమీటర్లకు పెంచితే వంపు సుమారు 30 శాతమే తగ్గుతుంది. మందమైన పలక కొనడం కన్నా మధ్యలో ఒక ఆధారం పెట్టడం ఎన్నో రెట్లు మేలు. మా మిస్త్రీ లెక్కలేమీ వేయకుండానే ఇది చెప్పారు: "పలక మార్చకండమ్మా, నడుమ ఒక కాలు పెట్టించండి."

రెండోది లోతు. వార్డ్‌రోబ్ లోతు 50 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం డెమీ సైజువి, వెడల్పు 14, ఎత్తు 22 సెంటీమీటర్ల లోపు. అంటే ఒక వరుస పెడితే వెనక బోలెడు చోటు వృథా. రెండు వరుసలు పెడితే బరువు రెట్టింపు, పైగా వెనక వరుస కనబడదు.

మూడోది తడి. పార్టికల్ బోర్డుకు నీళ్లే శత్రువు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పాత ఇంట్లోకి కొంచెం నీళ్లు వచ్చాయి. తెల్లారేసరికి ఒక చిన్న బల్ల కాళ్లు అటుకుల్లా ఉబ్బి పొరలు లేచిపోయాయి. తుపానే అక్కర్లేదు, రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో అడుగు పలక అంచు కొన్నేళ్లలో అదే దారి పడుతుంది. మీ వార్డ్‌రోబ్ అడుగున ఒక మేకు మొనతో గట్టిగా నొక్కి చూడండి. బిస్కెట్‌లో దిగినట్టు దిగితే కిందవి చదవడం మానేసి నేరుగా నాలుగో దారికి వెళ్లండి. పలక వెనక మట్టి గీతలు కనిపిస్తే చెదలు పట్టినట్టు, అప్పుడూ అంతే.

ఇంకొకటి, పలకను వేలితో కొట్టి వినండి. బోలుగా మోగితే లోపల అట్ట గూడు ఉన్న పలక అని అర్థం. అందులో స్క్రూ నిలవదు.

మొదటి దారి: తలుపులు ఉంచి, లోపల అరలు పెంచడం

అన్నిటికన్నా తక్కువ పని. హ్యాంగర్ల రాడ్ తీసేసి, ఆ ఖాళీలో రెండు మూడు అరలు వేయడం. కొత్త అరలను పాత వాటిలాగే పిన్నుల మీద నిలబెట్టవచ్చు. పక్క పలకల్లో ముందే వరుసగా రంధ్రాలు ఉంటే చాలా సులువు. లేకపోతే రెండు పక్కలా చెక్క రీపర్ ముక్కలు, అంటే సన్నటి చెక్క బద్దలు, బిగించి వాటి మీద అర పెట్టాలి. నేనైతే రంధ్రాలున్నా రీపరే వేయమంటాను. పిన్ను బరువంతా ఒక చుక్క మీద పెడుతుంది, రీపర్ లోతు పొడవునా పంచుతుంది.

ఇందులో చిక్కు పొడవే. 77 సెంటీమీటర్ల అర అలాగే ఉండిపోతుంది. దాన్ని తట్టుకోవాలంటే ప్రతి అర ముందు అంచు కింద, ఒకటిన్నర అంగుళం వెడల్పు రీపర్‌ను నిలువుగా పెట్టి ఫెవికాల్‌తో అతికించి స్క్రూలు వేయాలి. వెనక అంచు కింద కూడా ఇంకొకటి వేస్తే ఇంకా మంచిది. అప్పటికీ ఒకే వరుస పుస్తకాలే పెట్టాలి. వెనక ఖాళీలో పాత ఉత్తరాలు, పంచాంగాలు, పిల్లల క్రాఫ్ట్ సామాను లాంటి తేలికవి పెట్టుకోవచ్చు.

తలుపులు ఉండటం వల్ల దుమ్ము పడదు, ఎండకు అట్టల రంగు పోదు. రాయగడలోనో బరంపురంలోనో మెయిన్ రోడ్డు పక్క ఇల్లయితే ఇది చిన్న లాభం కాదు. కాగితం పెళుసుబారిన పాత పుస్తకాలు ఎక్కువగా ఉన్నవాళ్లకూ తలుపులే మంచివి. కానీ వానాకాలం నాలుగు నెలలూ మూసి ఉంచితే లోపల ముక్కిన వాసన వస్తుంది, అట్టల మీద బూజు చుక్కలు లేస్తాయి. కోరాపుట్ కొండల మీద ఉన్నవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. ఎండ కాసిన రోజు తలుపులు తెరిచి ఉంచడం అలవాటు చేసుకోగలిగితేనే ఈ దారి పట్టండి.

రెండో దారి: తలుపులు తీసి, నడుమ నిలువు పలక వేయడం

నేను చేయించింది ఇదే. ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను.

ఇందులో నాకు బాగా నచ్చినది, కావలసిన చెక్క వార్డ్‌రోబ్‌లోనే దొరకడం. ఊడదీసిన రెండు తలుపులూ సాధారణంగా మిగతా పలకల మందమే ఉంటాయి, లామినేషన్ రంగు కూడా కలుస్తుంది. ఒక తలుపును లోపలి ఎత్తుకు కోయిస్తే అదే నిలువు పలక. తలుపు వెడల్పు 40 సెంటీమీటర్ల చిల్లర కాబట్టి అది లోతు మొత్తానికీ సరిపోదు. సరిపోనవసరమూ లేదు. వెనక పలకకు ఆనించి నిలబెడితే ముందు పది సెంటీమీటర్లు ఖాళీ ఉంటుంది. అరలను కూడా ఆ లోతుకే కోయిస్తే లోతు సమస్యా కొంత తీరుతుంది. రెండో తలుపును అడ్డంగా ముక్కలు చేస్తే 37, 38 సెంటీమీటర్ల అరలు నాలుగు వస్తాయి. పాత పొడవు అరలను సగానికి కోయిస్తే మిగతావి వాటిలోంచే వస్తాయి.

తలుపులకు హింజ్‌ల కోసం తొలిచిన గుండ్రటి గుంతలు ఉంటాయి, 35 మిల్లీమీటర్లవి. కోతకు ముందే గుర్తు పెట్టుకుని అవి అర కింది వైపుకో, వెనక వైపుకో వచ్చేలా కొలవండి. మేము ఒక అరకు ఇది చూసుకోలేదు. గుంత పైకే వచ్చింది, ఇప్పుడు దాని మీద ఎప్పుడూ ఒక నిఘంటువు ఉంటుంది.

అసలు జాగ్రత్త ఇంకొకటి ఉంది. నిలువు పలక వేశాక అరల బరువులో సగం దాని మీదుగా అడుగు పలక నడిమికి దిగుతుంది. చాలా వార్డ్‌రోబ్‌లలో అడుగు పలక కింద నడుమ ఏమీ ఉండదు, బోలుగా ఉంటుంది. అక్కడ ఆధారం పెట్టకపోతే అరలు వంగవు గానీ అడుగే వంగుతుంది. నిలువు పలకకు సరిగ్గా కింద, ముందూ వెనకా రెండు చెక్క దిమ్మలు నేలకు ఆనేలా వేయించండి. మా మిస్త్రీ ముందు దిమ్మ ఒక్కటే వేస్తే నేనే రెండోది అడిగి వేయించుకున్నాను.

బిగింపుకు కొత్త స్క్రూ వేసే ముందు డ్రిల్‌తో సన్నటి రంధ్రం చేయాలి. 4 మిల్లీమీటర్ల స్క్రూకు 3 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. లేకపోతే పార్టికల్ బోర్డు అంచు చీలుతుంది. ఒకసారి వదులైన పాత రంధ్రంలో అదే స్క్రూ మళ్లీ పట్టదు. ఫెవికాల్‌లో ముంచిన అగ్గిపుల్లలు కూరి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు బిగించాలి. బరువు పడే మూలలకు ఇనుప ఎల్ పట్టీలు వేస్తే ఇంకా నమ్మకం. కోసిన ప్రతి అంచుకూ ఎడ్జ్ బ్యాండ్ టేపు, అంటే అంచు మీద అతికించే పట్టీ, తప్పనిసరి. అందం కోసం అనుకోకండి, తేమ లోపలికి పోయేది ఆ కోసిన అంచులోంచే.

వెనక ఉన్న పల్చటి 3 మిల్లీమీటర్ల పలకను మాత్రం తీయకండి. అది అలమర పక్కకు ఒరగకుండా పట్టి ఉంచుతుంది. చిన్న మేకుల బదులు దాన్ని ప్రతి అడుగు పొడవుకూ రెండు చొప్పున స్క్రూలతో బిగిస్తే పెట్టె మొత్తం గట్టిపడుతుంది.

లెక్క వేస్తే నాకు ఒక్కో పక్క ఏడు అరలు, ఒక్కోటి 37 సెంటీమీటర్లు. మొత్తం ఐదు మీటర్ల పైన వరుస వచ్చింది. దాదాపు 350 పుస్తకాలు ఒకే వరుసలో, అన్నీ వీపు కనబడేలా నిలబడ్డాయి.

ఆ కనబడటం నాకు చాలా ముఖ్యం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లింది, ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, మా ఇళ్లలో మాత్రం తెలుగు ఉండిపోయింది. మా అమ్మాయి బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది. తెలుగు అక్షరం ఆమె కంటపడేది ఇంట్లోనే. పుస్తకాలు తలుపుల వెనక ఉన్నప్పుడు వాటి గురించి ఒక్కసారీ అడగలేదు. బయటకు వచ్చిన వారంలోనే ఒక పుస్తకం వీపు మీది పేరు కూడబలుక్కుని చదివి, "అమ్మా, ఇదేంటి?" అంది. మీ ఇంట్లో తెలుగు బడి లేని పిల్లలుంటే దుమ్ము దులపడం అనే శ్రమ పెట్టుకునైనా తలుపులు తీసేయండని నా మాట.

మూడో దారి: అడ్డంగా కోసి రెండు పొట్టి షెల్ఫులు

180 సెంటీమీటర్ల ఎత్తును సగానికి కోసి, 90 సెంటీమీటర్ల షెల్ఫులు రెండు చేయడం. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కిటికీ కింద పడుతుంది, పిల్లల చేతికి అన్ని అరలూ అందుతాయి, మీద పడే భయం తక్కువ. బ్యాంకులోనో రైల్వేలోనో పనిచేస్తూ మూడేళ్లకోసారి ఊరు మారేవాళ్లకు ఎత్తుకుపోవడమూ తేలిక.

అయినా నేను అంతగా సిఫారసు చేయను. కోసిన చోట కంపెనీ వేసిన జాయింట్లు ఉండవు. ఒక ముక్కకు అడుగు, ఇంకో ముక్కకు పైకప్పు కొత్తగా చేసి బిగించాలి. పొడవు సమస్య అలాగే ఉంటుంది కాబట్టి రెండిటికీ నడిమి పలకలు వేరే వేయాలి. కోతకు చేతి రంపం పనికిరాదు, లామినేషన్ పెచ్చులు లేస్తుంది. సన్న పళ్ల బ్లేడున్న మెషీన్ కావాలి. ఆ పొట్టు సన్నగా ఉంటుంది, అందులో జిగురు కూడా ఉంటుంది. ఆరుబయట, ముక్కుకు మాస్కు పెట్టుకునే కోయాలి. మంచి మిస్త్రీ దొరికి, మీకు పొట్టి షెల్ఫే కావాలని గట్టిగా ఉంటే తప్ప దీని జోలికి వెళ్లకండి.

నాలుగో దారి: దాన్ని వదిలేసి వేరేది కొనడం

అడుగు ఉబ్బినా, చెదలు పట్టినా, పలకలు బోలువైనా మార్పిడి మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా. అప్పుడు రెండు మార్గాలున్నాయి.

ఇనుప ర్యాక్ చవక, గట్టిది, చెదలకు లొంగదు. నట్లు విప్పి విడదీసి లారీలో వేసుకోవచ్చు. అందం తక్కువే. బరంపురం, గోపాల్‌పూర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట పెయింటు లేచిన దగ్గర తుప్పు పడుతుంది, ఆ తుప్పు పుస్తకాలకు అంటుకుంటుంది. అరల మీద మందపాటి అట్ట పరచాలి, పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి పుస్తకాలు జారకుండా ఆపు పెట్టాలి.

ప్లైవుడ్‌తో కొత్తగా చేయించడం అన్నిటికన్నా ఖర్చు, అన్నిటికన్నా మన్నిక. ప్లైవుడ్ కొనేటప్పుడు పలక మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 ముద్రలో ఎంఆర్ (తేమను తట్టుకునేది), బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లను తట్టుకునేది) అని రెండు రకాలు ఉంటాయి. మన వానలకు బీడబ్ల్యూఆర్ తీసుకోవడం మంచిది. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్, పుస్తకాల అలమరకు అంత అక్కర్లేదు, నేల తరచూ తడిసే ఇంట్లో అడుగు పలకకు మాత్రం వేయించుకోవచ్చు. ప్లైవుడ్ అయినా 18 మిల్లీమీటర్ల అరను 75 సెంటీమీటర్లు దాటనివ్వకండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | తలుపులతో అరలు | నడుమ నిలువు పలక | రెండు పొట్టి షెల్ఫులు | ఇనుప ర్యాక్ | కొత్త ప్లైవుడ్ |
|---|---|---|---|---|---|
| ఖర్చు | చాలా తక్కువ | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | ఎక్కువ |
| పని | ఒక పూట | ఒక రోజు | రెండు రోజులు | బిగింపే | మిస్త్రీ పని |
| అర వంగే భయం | ఎక్కువ | చాలా తక్కువ | నడిమి పలక వేస్తే తక్కువ | తక్కువ | తక్కువ |
| దుమ్ము | పడదు | పడుతుంది | పడుతుంది | బాగా పడుతుంది | తలుపులను బట్టి |
| బూజు వాసన | వస్తుంది | తక్కువ | తక్కువ | ఉండదు | తక్కువ |
| ఊరు మారేటప్పుడు | కష్టం | కష్టం | తేలిక | చాలా తేలిక | కష్టం |

మార్పిడి చేసిన వార్డ్‌రోబ్ ఊరు మారేటప్పుడు కష్టమని ఎందుకన్నానంటే, ఈ పెట్టెల్లో పలకలను కలిపి ఉంచే, తిప్పి బిగించే లాక్‌లు ఒకటి రెండుసార్లు విప్పి బిగిస్తే పట్టు వదులుతాయి. ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగమైతే మొదటి రెండు దారుల మీద కష్టపడకుండా ఇనుప ర్యాక్ కొనుక్కోండి. నా చెల్లెలికి అదే చెప్పాను.

అద్దె ఇల్లయితే ఓనరు గోడకు డ్రిల్ వేయనివ్వకపోవచ్చు. ఎత్తయిన అలమరను గోడకు బిగించకుండా వదలడం, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంట్లో, నాకు ఇష్టం ఉండదు. వాళ్లు అరలను మెట్లుగా చేసుకుని ఎక్కుతారు. ఓనరును బతిమాలి రెండు ఎల్ పట్టీలు వేయించుకోండి, వెళ్లేటప్పుడు పుట్టీ పెట్టి ఇస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే పొట్టి షెల్ఫే మేలు. సున్నపు గోడల పాత ఇళ్లలో ప్లాస్టిక్ ప్లగ్గు గుల్ల మట్టిలో ఊడొస్తుంది. అక్కడ ఇటుక తగిలే దాకా లోతుగా వేసి పొడవు స్క్రూ వాడాలి, లేదా తలుపు చట్రానికి దగ్గరగా పెట్టి ఆ కర్రకు బిగించాలి.

ఏ దారి పట్టినా పెట్టెను నేరుగా నేల మీద పెట్టకండి. నాలుగు మూలలా, నడిమి దిమ్మల కిందా గ్రానైట్ ముక్కలు పెట్టండి. రాళ్ల పనివాళ్ల దగ్గర కోత ముక్కలు ఊరికే ఇస్తారు. తడిగుడ్డ నీళ్లు కింద నుంచే వెళ్లిపోతాయి. గోడకూ వెనక పలకకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలి, పైన మాత్రం ఆ సందు మందం చెక్క ముక్క పెట్టి బిగించండి. సందులో గాలి ఆడుతుంది, గోడ చెమ్మ అంటదు.

పుస్తకాలు సర్దేటప్పుడు అడుగు అర నుంచి మొదలుపెట్టండి. సంపుటాలు, నిఘంటువులు కింద, తేలిక పుస్తకాలు పైన. పిల్లల కథలు మాత్రం వాళ్ల భుజం ఎత్తు అరలో. నెల తర్వాత ప్రతి అర ముందు అంచుకూ ఒక దారం లాగి పట్టి చూడండి. దారానికీ పలకకూ నడుమ సందు కనిపిస్తే ఆ అరలో నుంచి నాలుగు పుస్తకాలు తీసి పక్క అరలోకి మార్చండి. మొదటి వానాకాలం దాటాక స్క్రూలన్నీ ఒకసారి చేత్తో తిప్పి చూడాలి. మాకు ఎడమ పక్క పైమూలవి రెండు అర చుట్టు వదులయ్యాయి, బిగించేశాను.